నాలుగు వానలు

“మీరు పంపిన వాన కురవట్లేదండీ!”

సోమవారం పొద్దున్న ఫోనెత్తగానే అతనికి వినబడిన మొదటి మాట అది. హలో లేదు, నేను ఫలానా అని లేదు. ఆ అవసరమూ లేదు. రేడియో స్టేషన్‌లో మూడు నెలల కిందట చేరిన ప్రోగ్రాం అసిస్టెంటు గొంతుని నిద్రలో లేపి అడిగినా అతను గుర్తుపడతాడు.

“కురవకపోవడమేంటండీ? నిన్ననే కదా పంపాను. రేకు మీద పడే వాన, మూడు నిమిషాలు.”

“వాన అనే పేరుతో ఒకటి వచ్చింది. తెరిస్తే చుక్క నీరు లేదు, రాత ఉంది. చదవమంటారా? ‘వాన. రేకు మీద. రెండో నిమిషంలో పక్కింటాయన తుమ్మాడు. మళ్ళీ తియ్యాలి.’ దీన్ని మేం ఏం చేసుకోమంటారు? అనౌన్సరు చేత చదివించమంటారా?”

“అయ్యో, అది నా నోట్సండీ. అసలుది ఇప్పుడే పంపిస్తాను, ఒక్క నిమిషం.”

అతనిది చప్పుళ్ళు చేసే వృత్తి. రేడియో నాటకంలో తలుపు కిర్రుమనాలన్నా, మెట్ల మీద బూట్లు టకటకలాడాలన్నా, పొయ్యి మీద పాలు పొంగాలన్నా పూచీ అతనిది. ఇంటి వెనక గదిలో మూడు పాత తలుపులు, రకరకాల చెప్పులు, ఇసక పళ్ళెం, రేకుముక్క, ఒక మైకు, ఒక కంప్యూటరు ఉంటాయి. వీధిలో అందరూ అతన్ని చప్పుళ్ళబ్బాయి అంటారు. పుట్టినప్పటినుంచీ అతనికి చూపు లేదు. ఆ సంగతి ఫోనులో మాట్లాడేవాళ్ళకి తెలియదు. పనిగట్టుకుని చెప్పాలని అతనికీ ఎప్పుడూ తోచలేదు.

రెండోసారి పంపాడు. ఐదు నిమిషాల్లో ఫోను మళ్ళీ మోగింది.

“ఈసారి రాత కూడా లేదు. తెరుచుకోనే తెరుచుకోదు. మీ వాన మా కంప్యూటరుతో పంతం పట్టిందండీ.”

“ఇంకోటి పంపుతాను.”

“మీ దగ్గర ఎన్ని వానలున్నాయండీ బాబూ?”

“నాలుగు” అన్నాడతను నిజాయితీగా.

అవతల ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కోసం రోజంతా తప్పు వానలు పంపడానికైనా అతను సిద్ధమే. కానీ నవ్వు ఆగాక ఆమె గొంతు మారింది.

“చూడండీ, ఇది వేళాకోళం కాదు. శనివారం సాయంత్రం ఏడింటికి లైవ్‌లో వెళ్ళే నాటకం ఇది. నేనే రాశాను. నా మొదటి నాటకం. పన్నెండు చప్పుళ్ళు కావాలి. మీ చేత చేయిద్దామని పట్టుబట్టిందీ నేనే. శనివారం మధ్యాహ్నం పన్నెండుకల్లా అన్నీ చేతికి రాకపోతే ఏదో పాత నాటకం వేసేస్తామంటున్నారు మా మేనేజరుగారు. నా పరువు మీ చేతుల్లో ఉంది.”

“మీ పరువుకి నేను హామీ.”

మూడో వాన కురిసింది. ఆ ధైర్యంతో అతను జాబితాలో తర్వాతది, టెలిఫోను మోత, పంపాడు. ‘ఫోన్’ అనే పేరుతో తన దగ్గర ఒకటి కాదు, చాలా ఉన్నాయని అతనికి గుర్తే. అదృష్టం మీద భారం వేసి ఒకటి ఎంచుకున్నాడు.

ఈసారి పావుగంట దాకా ఫోను రాలేదు. వచ్చాక ఆ గొంతు ఐసుగడ్డల్లో పెట్టి తీసినట్టుంది.

“‘ఫోన్. స్టేషన్ అమ్మాయి. ఇత్తడి చెంబు గచ్చు మీద పడి దొర్లినట్టుంటుంది గొంతు. నవ్వితే మూత కూడా దొర్లుతుంది.’ ఇంకా ఉంది. చదవనా?”

విన్న ప్రతి చప్పుడు గురించీ రెండు ముక్కలు రాసి పెట్టుకోవడం అతని అలవాటు. ఆ తర్వాతి వాక్యం ఏమిటో అతనికి బాగా తెలుసు. ‘మంగళవారం ఆమె ఫోను చెయ్యలేదు. రోజంతా చప్పగా ఉంది.’

“చదవద్దండీ. మీరు అపార్థం…”

“చెంబులకి అర్థాలూ అపార్థాలూ ఏముంటాయి లెండి” అని ఆమె ఫోను పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం వాన. తలుపు చప్పుడైంది. తల్లి వెళ్ళి తీసింది. వెనక గదిలోంచి అతను విన్నాడు. గొడుగు మూడుసార్లు దులిపిన చప్పుడు. ఒక చెప్పు విడిచి, కాస్త ఆలోచించి, రెండోది విడిచిన చప్పుడు. ఆ తర్వాత గొంతు.

“ఆ రాసినాయన ఉన్నారాండీ?”

“ఏం రాశాడమ్మా మావాడు?”

“అది ఆయన్నే అడగండి.”

అడుగులు గదిలోకి వచ్చాయి. “నేనే ఆ చెంబుని. తెర ఆర్పేసుకుని ఏం పని చేస్తారండీ, అందుకే తప్పువన్నీ…” అంటూ మొదలుపెట్టిన మాట గోడకి వేలాడుతున్న తెల్ల చేతికర్ర దగ్గర ఆగిపోయింది.

“నాకు తెలీదండీ” అంది ఆమె.

“నాకు తెలుసండీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలుసు.”

ఆపుకుందామనుకున్న నవ్వు ఆమె ముక్కులోంచి వచ్చేసింది.

“జాలిపడి తిట్టడం మానెయ్యకండి. ఇంత వానలో వచ్చారు” అన్నాడతను.

“మానను లెండి. తిట్లు ఎక్కడికీ పోవు. ముందు నా చప్పుళ్ళ సంగతి చూడండి.”

అతను కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కుతూ పోయాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు అతని కంప్యూటరులో ఉంది. అది వరసగా చదివింది. “వాన. వాన. వాన. వాన. ఫోన్. ఫోన్. ఫోన్. ఫోన్. మెట్లు. మెట్లు…”

ఆమె చెయ్యి చాచి తెర వెలిగించింది. “ఇదిగో, ఒకదానికి కాయితం బొమ్మ ఉంది, ఒకదానికి పాట గుర్తు ఉంది. చూస్తే ఏది ఏదో తెలిసిపోతోంది. మీకు ఎలా తెలుస్తుంది?”

“నాకు నాలుగు వానలు తెలుస్తాయి. అంతే.”

సంగతేమిటంటే, పాత కంప్యూటరు ప్రతి పేరు తర్వాతా ‘డాట్’ అని చెప్పి ఆ ఫైలు ఏ రకమో కూడా చదివేది. ‘డాట్ వేవ్’ అంటే అసలు చప్పుడు, ‘డాట్ టీఎక్స్‌టీ’ అంటే రాత. ఒక్కో చప్పుడికీ రాత, అసలు చప్పుడు, దాని చిన్న నకలు, సగంలో ఉన్న పని అని నాలుగు ఫైళ్ళు, నాలుగింటికీ పేరు ఒకటే. ఆ డాట్ తర్వాత వచ్చేదాన్ని అతను తోక అనేవాడు. పోయిన వారం ఆ పాతది కన్నుమూసింది. మెకానిక్ వచ్చి కొత్తది బిగించాడు. తోకలేవయ్యా అనడిగితే, “కొత్తవాటికి తోకలుండవు సార్, మోడలే అంత” అనేసి వెళ్ళిపోయాడు.

“ఆయన తోక! ఉండకేం, దాచేసి ఉంటారు” అంది ఆమె. “ఎక్కడో టిక్కు పెట్టాలి. మౌసు ఇలా ఇవ్వండి.”

“మౌసు వద్దు. ఎక్కడుందో చెప్పండి, నేను నొక్కుతాను. దారి నాకు తెలియాలి కదా.”

ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. తడిసిన చున్నీ నుంచి ఒక చుక్క అతని మోచేతి మీద పడింది. పన్నెండేళ్ళుగా వానని పట్టుకునే పనిలో ఉన్న మనిషికి, ఒక్క చుక్క అంత చప్పుడు చేస్తుందని ఆ రోజే తెలిసింది.

“పైన ‘వ్యూ’ అని ఉంది. దాంట్లో అన్నిటికన్నా కింద ‘షో’. అందులో… ఉండండి… ఆఁ! ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’. చూశారా, టిక్కు లేదు!”

అతని వేళ్ళు మెనూలో ఒక్కో మెట్టే దిగాయి. ఎంటర్ నొక్కాడు. మళ్ళీ పేర్ల దగ్గరికి వచ్చి బాణం నొక్కాడు.

“వాన డాట్ టీఎక్స్‌టీ” అంది కంప్యూటరు. “వాన డాట్ వేవ్. వాన డాట్ ఎంపీత్రీ…”

అతను బల్ల మీద రెండు చేతులతో దరువేశాడు. “అమ్మా! వచ్చేశాయి!” అని కేక పెట్టాడు. తల్లి పరిగెత్తుకొచ్చి, “ఎవర్రా, ఎవరొచ్చారు?” అంది కంగారుగా. ఇద్దరూ ఒకేసారి “తోకలు!” అన్నారు. తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసి టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

“ఇప్పుడు చెంబు సంగతి” అంది ఆమె.

“మీరు చెంబు పడ్డ చప్పుడనుకున్నారు. నేను రాసింది దొర్లే చప్పుడు. చెంబు పడ్డాక గుండ్రంగా తిరుగుతూ గదంతా చుట్టొస్తుంది చూడండి. అది ఆగేదాకా ఎవరూ ఇంకో పని చెయ్యలేరు. అందరి తలలూ అటే తిరుగుతాయి. ఆ చప్పుడు కోసం రెండేళ్ళ నుంచి తంటాలు పడుతున్నాను. ఒక్కసారీ మైకుకి చిక్కలేదు.”

ఈసారి ఆమె గొంతులో వేడి లేదు.

“ఈ గొంతు మైకుకి పనికిరాదన్నారండీ. నేను వచ్చింది అనౌన్సరు అవుదామని. రేడియో అంటే పక్కన కూర్చుని చెప్పినట్టుండాలి, నువ్వు ఎదురు వీధిలోంచి పిలుస్తున్నట్టున్నావు అన్నారు. అప్పట్నుంచీ ఫైళ్ళు మోస్తున్నాను. అందుకే మీ మాట తగిలింది.”

“ఆ అన్నవాళ్ళని ఒకసారి నా దగ్గరికి పంపండి. చెవులు కడిగి పంపిస్తాను.”

చప్పుళ్ళు ఎక్కడెక్కడ ఎంతసేపు రావాలో కొలవడానికి నాటకం మొత్తం ఒకసారి చదవమన్నాడు. మైకు పెట్టి రికార్డు చేశాడు. ఉత్తరాలు పంచే ఒక పెద్దావిడ ఉద్యోగంలో ఆఖరి రోజు కథ అది. లిఫ్టు పనిచేయని భవనంలో ఐదంతస్తులు ఎక్కుతుంది. ఒక్కో తలుపు వెనక ఒక్కో సంసారం. ఒక్కో తలుపు ముందూ ఆవిడ “ఉత్తరం!” అని కేకవేస్తుంది. ఆమె ఆ కేక వేసిన ప్రతిసారీ అతని చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

“ఈ వేషం ఎవరు వేస్తున్నారు?”

“మా సీనియర్ అనౌన్సరుగారు. ఆవిడ గొంతు తేనె.”

“తేనెకి తలుపులు తెరుచుకోవండీ. ఇది మీ వేషం.”

“మర్చిపోండి. కుదరని పని” అని ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “ఆ నోట్సులో చివరి వాక్యం కూడా చదివాను.”

అతను తల దించుకున్నాడు.

“ఇవాళ మంగళవారమే కదా. ఎలా గడిచింది?”

జవాబు కోసం ఆగకుండా, చెప్పులు గబగబా తొడుక్కుని, గొడుగు కూడా విప్పకుండా ఆమె వానలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులూ అతను మళ్ళీ మొదట్నుంచి పన్నెండు చప్పుళ్ళూ చేశాడు. పాత వాన కూడా నచ్చక తీసేసి కొత్త వాన పట్టాడు. రోజుకి నాలుగు ఫోన్లు. మొదటిది పని గురించి, మిగతా మూడూ పని వంకతో. శనివారం పదకొండు గంటలకి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అన్నీ ఒక్కసారే పంపుదామని కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

“వాన” అంది కంప్యూటరు. “వాన రెండు. వాన మూడు. వాన నాలుగు.”

అతను బాణం ఇంకోసారి నొక్కాడు. “మెట్లు. మెట్లు రెండు.”

ఎంటర్ నొక్కితే, దీన్ని దేంతో తెరవాలో తెలియదంది.

“అమ్మా… కంప్యూటరు ఎవరైనా ముట్టుకున్నారా?”

తల్లి చేతులు తుడుచుకుంటూ గర్వంగా వచ్చింది. ఆ ఇంట్లో ఏ వస్తువూ అంగుళం జరగదు. కొడుకు చెయ్యి చాస్తే అందాల్సింది అక్కడే అందాలి. అలా ఇరవై ఎనిమిదేళ్ళు సర్దీ సర్దీ ఆవిడకి సర్దడం ఒక జబ్బయి కూర్చుంది.

“నేనే నాన్నా. ఆ అమ్మాయి తెర వెలిగించి వెళ్ళింది కదా, చూద్దును కదా, ప్రతి పేరు చివరా ఏదో చెత్త పట్టుకుని ఉంది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? పేర్లు మార్చడం నువ్వే కదా నేర్పావు. పొద్దున్నే కూర్చుని అన్నీ కత్తిరించేశాను. నిజంగానా, నిజంగానా అని ప్రతిసారీ అడిగిందది. నిజంగానే అని నొక్కాను. ఈ పేరు ఇప్పటికే ఉందంటే పక్కన రెండూ మూడూ వేశాను.”

“ఎన్ని కత్తిరించావమ్మా?”

“నలభై ఎనిమిదీ” అంది తల్లి. అని, కొడుకు మొహం చూసి, “ఏం నాన్నా, తప్పు చేశానా?” అంది. రెండో మాటకే గొంతు వణికింది.

తిట్టడానికి అతనికి నోరు రాలేదు. ఒక నిమిషం తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఆలోచించాడు. తోక పోయింది కానీ లోపలున్న సరుకు పోలేదు. రాత ఈకంత ఉంటుంది. అసలు చప్పుడు ఏనుగంత ఉంటుంది.

“అమ్మా, కూర్చో. తెర మీద ‘సైజు’ అని ఒక వరస ఉంటుంది. ఒక్కో పేరు మీద ఉన్న నాలుగింటిలో అన్నిటికన్నా పెద్ద అంకె ఏదో చెప్పు. తోక నేను తగిలిస్తాను.”

స్టేషన్‌కి ఫోను కలిపి స్పీకరులో పెట్టాడు. జరిగింది చెప్పాడు.

“ఇంకా ముప్పావుగంట ఉంది. ఏడుస్తూ కూర్చుంటే అరగంటవుతుంది. మొదలుపెట్టండి. వచ్చింది వచ్చినట్టు నేను విని చెప్తాను” అంది ఆమె.

తల్లి అంకెలు చదివింది. అతను ‘డాట్ వేవ్’ అని కొట్టి పంపాడు. అవతల నుంచి గొంతు లెక్క చెప్పింది.

“వాన కురిసింది!”

“మెట్లు ఎక్కుతున్నాయి!”

“పాలు పొంగాయి! అమ్మగారూ, కళ్ళజోడు సరిచేసుకోండి, తర్వాతది త్వరగా!”

“నాకేం, బాగానే కనిపిస్తోంది” అని తల్లి తెరకి ఇంకా దగ్గరగా జరిగింది. ఐదో చప్పుడయ్యేసరికి ఆవిడ గొంతులో వణుకు పోయింది. తొమ్మిదోది అయ్యేసరికి, “ఒరేయ్, అంత నెమ్మదిగా కొట్టకు” అని కొడుకుని దబాయించడం మొదలుపెట్టింది.

పన్నెండోది, ఐదో అంతస్తు తలుపు, వెళ్ళేసరికి పన్నెండుకి ఐదు నిమిషాలుంది.

“అన్నీ వచ్చేశాయి” అంది ఆమె, ఊపిరి వదిలి.

“ఇంకొకటుంది” అన్నాడతను. “మీరు చదివిన రికార్డింగు. అది మీది. మీరు పంపమంటేనే పంపుతాను.”

“పంపండి” అంది ఆమె. అంతలోనే, “ఆగండి. కాదు, పంపండి. మళ్ళీ ఆగమన్నా మీరు ఆగకండి.”

అతను పంపాడు.

నాలుగు గంటలకి అతన్ని స్టేషన్‌కి రమ్మన్నారు. చప్పుళ్ళు చేసినవాడే లైవ్‌లో వాటిని నడిపితే బాగుంటుందన్నారు మేనేజరు. తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి స్టూడియోలో ఆమె నాటకం చదివిన రికార్డింగు నడుస్తోంది. “ఉత్తరం!” అన్న కేక ఆఖరిసారి మోగి ఆగింది. ముందుగా మాట్లాడింది సీనియర్ అనౌన్సరు.

“నా గొంతుతో ఉత్తరమంటే జనం తలుపు తియ్యరండీ, దుప్పటి కప్పుకుని పడుకుంటారు. ఈ వేషం ఈ పిల్లది. నేను మూడో అంతస్తు ఇల్లాలిని చేస్తాను.”

“కానీ ఆడిషన్‌లో ఈ అమ్మాయి…” అని నసిగారు మేనేజరు.

“ఆడిషన్‌లో వద్దన్నది ఎవరో?”

మేనేజరు గొంతు సవరించుకున్నారు. “నేనే. ఆ రోజు చెవులు ఇంట్లో పెట్టి వచ్చుంటాను. మైకు ముందుకి వెళ్ళమ్మా.”

ఏడింటికి ఎర్రదీపం వెలిగిందని ఎవరో అతని భుజం తట్టి చెప్పారు. వాన మొదలైంది. బూట్లు మెట్లెక్కాయి. ఆమె కేక మొదటి అంతస్తులో మోగింది, రెండో అంతస్తులో మోగింది. గాజు తలుపు అవతల ఫ్యాను కింద కూర్చున్న గుమాస్తాలు పని ఆపి నిలబడ్డారు. ఆ గొంతు గదిని చుట్టి, గోడలు దాటి, దీపాలు వెలిగిన ఇళ్ళల్లోకి వెళ్ళింది. తను చేసిన ప్రతి తలుపూ ఆ పిలుపుకే తెరుచుకుంటోందని అతనికి అనిపించింది.

నాటకం అయిపోయాక స్టేషన్‌లో ఉన్న మూడు ఫోన్లూ ఒక్కసారే మోగాయి. పెట్టేస్తే మళ్ళీ మోగాయి. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచిన ఒకాయన ఫోను చేసి, బాగుందని చెప్పబోయి చెప్పలేక పెట్టేశారు. వచ్చే నెల నుంచి వారానికో నాటకం రాయమనీ, మైకు ముందు ఆమే ఉండాలనీ, చప్పుళ్ళు అతనే చెయ్యాలనీ మేనేజరు అక్కడే నిలబడి ప్రకటించారు.

బయట వరండాలో సన్నగా వాన పడుతోంది. ఆమె వచ్చి పక్కన నిలబడింది.

“ఐదో అంతస్తు తలుపు ఆలస్యంగా తెరిచారు.”

“తెలుసు. మీ గొంతు వింటూ ఉండిపోయాను.”

“లైవ్‌లోనా?”

“లైవ్‌లోనే. రెండు సెకన్లు.”

“మూడు. నేను మిమ్మల్నే చూస్తున్నాను. ఏమైపోయారో తెలీక లేని డైలాగు ఒకటి కల్పించాల్సి వచ్చింది.”

“అదే అన్నిటికన్నా బాగుందండీ.” అతను చూరు నుంచి కారుతున్న నీటి కింద చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేశాడు. “మీరంటే నాకు ఇష్టం. రాసుకుని దాచుకుంటే సరిపోవడం లేదు.”

“ఇంకా ‘మీరు’ ఏంటి?”

“నువ్వంటే నాకు ఇష్టం.”

“ఇప్పుడు వినబడింది” అని ఆమె అతని తడిచేతిని తన చేతిలోకి తీసుకుంది.

వెనక నుంచి తల్లి దగ్గింది. “వాన తగ్గింది నాన్నా. వెళ్దామా, ఇంకా తగ్గలేదనుకుందామా?”

ఆదివారం పది గంటలకి తల్లీకొడుకులు ఆమె ఇంట్లో ఉన్నారు. ఆమె తండ్రి బస్సు డ్రైవరు. నిన్న సాయంత్రం బస్సులో రేడియో పెట్టాననీ, నాటకం అయ్యేదాకా దిగాల్సినవాళ్ళు కూడా దిగలేదనీ, చివరి స్టాపులో అందరూ తిట్టుకోకుండా వెనక్కి నడిచి వెళ్ళారనీ అప్పటికి మూడుసార్లు చెప్పాడు.

“మా అమ్మాయిని ఆ మైకు ముందు కూర్చోబెట్టింది నువ్వేనట కదా బాబూ?”

“కాదండీ. పంపమని తెగించింది తనే. నేను పంపానంతే.”

తండ్రి అతన్ని తేరిపార చూశాడు. “ఇంకొకడైతే ఔనని మెడలో దండ వేయించుకునేవాడు” అన్నాడు తల్లితో. “నాకు నచ్చాడమ్మా మీ అబ్బాయి. మరి ఎప్పుడు పెట్టుకుందాం?”

“మీరెప్పుడంటే అప్పుడేనండీ” అంది తల్లి.

“పై నెల అయితే నాకు సెలవు దొరుకుతుంది.”

“ఏమండోయ్!” అని వంటింటి గుమ్మంలోంచి ఇల్లు అదిరేలా కేక వినబడింది. “పెళ్ళి నాది. నన్నెవరూ అడగరా?”

పెద్దవాళ్ళిద్దరూ గతుక్కుమన్నారు. అతను కుర్చీలోంచి లేచాడు. గొంతు వచ్చిన వైపు తిరిగి నాలుగడుగులు వేసి, ఆమె ఊపిరి వినబడేంత దూరంలో ఆగాడు.

“నన్ను పెళ్ళి చేసుకుంటావా?”

ఆమె ఏదో అంది. పుట్టి బుద్ధెరిగాక అంత నెమ్మదిగా ఆమె మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి. పెదవులు కదలడమైతే కనబడింది కానీ తండ్రికి ఒక్క అక్షరం అందలేదు. ముందుకు వంగి చెవి ఒగ్గినా తల్లికీ అందలేదు.

“ఏమందమ్మా? ఏమంది బాబూ?” అన్నాడు తండ్రి ఆదుర్దాగా.

అతని మొహమంతా నవ్వైపోయింది.

“ఔనందండీ” అన్నాడు. “రెండుసార్లు.”